లచ్చన్న డబ్బా, రాజుగారి సమాధి

గంగారాం బావ లచ్చన్న ఒమాన్‌లోని సీబ్ క్యాంపులో గుండె ఆగి చనిపోయి నెల దాటింది. శవం విమానంలో మెట్‌పల్లి పక్కనున్న వాళ్ళ ఊరికి చేరింది, దహనం అయింది, దినాలు కూడా అయిపోయాయి. లచ్చన్న రెండేళ్ళుగా నింపుకుని, ఊరికి పోవడానికి కట్టి పెట్టుకున్న అట్టడబ్బా మాత్రం ఇక్కడే కంపెనీ స్టోర్‌లో ఉండిపోయింది. దాన్ని తెచ్చుకోవడానికి ఒక శుక్రవారం పొద్దున నేనూ గంగారాం ఖబూరాలో బయలుదేరాం. ఈ కథలోకి ఈజిప్టు రాజు సమాధి ఎలా వచ్చిందో కాసేపట్లో చెప్తాను. ఓపిక పట్టండి అని అడగడానికి నాకే ఓపిక లేదు, ఆ రోజు మొదలైన కోపం ఇంకా దిగలేదు.

నా పేరు సదానందం, ఊరు ఆర్మూర్ దగ్గర. ఖబూరాలో ఎలక్ట్రీషియన్ పని. గంగారాం మేస్త్రీ, నా రూమ్‌మేట్. లచ్చన్న కూడా మా రూమ్‌లోనే ఉండేవాడు. పోయినేడు కంపెనీ అతన్ని సీబ్ సైట్‌కి మార్చింది. పోతూ పోతూ సగం నిండిన డబ్బాను కూడా మోసుకుపోయాడు.

గల్ఫ్ డబ్బా సంగతి తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. మా వాళ్ళు ఇక్కడ దిగిన కొన్నాళ్ళకే ఒక పెద్ద అట్టడబ్బా సంపాదించి మంచం కింద పెట్టుకుంటారు. చేతిలో నాలుగు రాళ్ళు ఆడినప్పుడల్లా అందులో ఒక వస్తువు పడుతుంది. దుప్పటి, టార్చిలైటు, సబ్బులు, తలనొప్పి బామ్, పిల్లలకు బొమ్మ, ఇంటావిడకు బట్ట. ఊరికి పోయే ముందు దాన్ని ఎవరికి వాళ్ళే కట్టుకుంటారు, ఇంకొకరిని చెయ్యి పెట్టనివ్వరు. నాలుగు వైపులా మార్కర్‌తో పేరు, ఊరు రాస్తారు. ఇంటికి చేరాక అందరూ చుట్టూ కూర్చున్న తర్వాతే విప్పుతారు.

లచ్చన్న ఇంట్లో విప్పేది భార్య రాజవ్వ, అంటే గంగారాం అక్క. తాడు కోయడానికి వీల్లేదు, ముడి విప్పాల్సిందే. లచ్చన్న కావాలనే పీటముడి మీద ఇంకో ముడి, దాని మీద మరొకటి బిగించి తెచ్చేవాడట. ఆమె గోళ్ళతో, పళ్ళతో తంటాలు పడుతుంటే ఆయన మంచం మీద కూర్చుని నవ్వేవాడట. పిల్లలు కత్తి తెస్తామని గోల చేసినా ఆమె ఒప్పుకునేది కాదట. ఇదంతా గంగారాం మాకు ఎన్నోసార్లు చెప్పాడు.

ఈసారి ఆమె చేతికి వచ్చింది చెక్కపెట్టెలో మనిషి. ఆస్పత్రి వాళ్ళు చుట్టి పంపినది చుట్టినట్టే ఉంచి, ముఖం దగ్గర కాస్త తీసి చూపించి మూసేశారట. గంగారాం ఊరికి పోతున్నాడని తెలిసి ఆమె ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"మొఖం గూడ మంచిగ సూడనియ్యలే తమ్మీ. గా డబ్బనన్న నేను ఇప్పుకుంట. మీ బావ కట్టింది కట్టినట్టే తే. ఎవ్వలను ముట్టనియ్యకు."

గంగారాంకు ఆదివారం తెల్లవారుజామున ఫ్లైట్. ఆ వేళప్పుడు స్టోర్ తెరిచేవాడు ఉండడు. మాకు సెలవు దొరికేది శుక్రవారం ఒక్కటే. బావ దహనానికి ఇవ్వని సెలవు కంపెనీ ఇప్పుడిచ్చింది, అదీ ఏడాది సెలవులో కోసుకుని. మొదటి కోపం అక్కడిది.

పొద్దున ఏడింటికి ఖబూరా రౌండ్‌అబౌట్ దగ్గర షేర్ టాక్సీ ఎక్కాం. మీలో ఎవరైనా ఈ దారిలో వెళ్తే శుక్రవారం పొద్దునే వెళ్ళండి, రోడ్డు ఖాళీగా ఉంటుంది. కానీ టాక్సీ నిండేదాకా డ్రైవర్ కదలడు. ఆ ముసలాయన చాయ్ తాగాడు, రెండో చాయ్ తాగాడు, పక్క టాక్సీవాడితో వాళ్ళ మేకల సంగతి అంతా మాట్లాడాడు. చివరికి ఎండుచేపల సంచితో ఒక బంగ్లాదేశీ వచ్చి నా పక్కన కూర్చుంటే టాక్సీ నిండింది, నా ముక్కు కూడా నిండింది.

"క్యా లేనే జాతా?" అని అడిగాడతను దారిలో.

"డబ్బా. ఇస్కే బహనోయీ కా. వో మర్ గయా," అన్నాను, చనిపోయిన బావది అని, గంగారాంను చూపించి.

అతను చేపల సంచిని నా కాళ్ళ దగ్గర్నుంచి తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. సీబ్ దాకా అలాగే పెట్టుకు కూర్చున్నాడు. ఆ రోజు నేను చూసిన పెద్దమనుషుల్లో ఇతనొకడు, కాబట్టి ముక్కు గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

తొమ్మిది దాటాక సీబ్‌లో దిగాం. విల్లాల మధ్యలోంచి చాలాదూరం నడిస్తే కంపెనీ క్యాంప్ వస్తుంది. స్టోర్‌కి తాళం. ఇన్‌చార్జి ప్రసాద్ గారిది గోదావరి వైపు, మనవాడే. ముందురోజు ఫోన్‌లో పొద్దున్నే రమ్మన్నది ఆయనే. ఇప్పుడు ఫోన్ చేస్తే నిద్ర గొంతుతో మాట్లాడాడు.

"శుక్రవారం కదండీ, నాలుగింటికి రండి. మీరేం కంగారు పడకండి. నేనే దగ్గరుండి నీట్‌గా ప్యాక్ చేయించాను."

ఫోన్ పెట్టేశాడు. నేను తలుపును ఒక్క తన్ను తన్నాను, నా కాలే నొచ్చింది. గంగారాం మాత్రం ఇంకో మాట దగ్గర ఆగిపోయాడు.

"ప్యాక్ ఎందుకు జేయించిండన్నా? బావ కట్టే పెట్టిండు గద?"

"పైన ఒక ప్లాస్టిక్ కవరు చుట్టి ఉంటాడులే," అన్నాను. నేను నమ్మి అన్న మాట కాదది.

సీబ్‌లో మాకు తెలిసినవాడు ఖాజా భాయ్. కడప మనిషి, ఒక విల్లాలో డ్రైవర్. తన అర్బాబ్‌ను, అంటే ఒమానీ యజమానిని, అడిగి పికప్ తెస్తానన్నాడు. కానీ జుమ్మా నమాజు అయ్యాకే రాగలడు. అప్పటిదాకా ఎండలో ఏం చేస్తాం? ఏసీ ఊరికే దొరికే చోటు మాల్ ఒక్కటే. నడుచుకుంటూ దగ్గర్లో ఉన్న మాల్‌కి పోయాం.

లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా రెండంతస్తుల ఎత్తున బంగారు ముఖం. పెద్ద కళ్ళు, నుదుటి మీద పాము పడగ, గడ్డానికి జడ లాంటిదేదో. గంగారాం చేతులు జోడించబోయాడు.

"ఏ దేవుడన్నా గీయన?"

"దేవుడు కాదు. టుటన్‌ఖామన్ అని ఈజిప్టు రాజు. ఆయన సమాధిలో దొరికిన సొమ్మంతా పైన పెట్టారట."

"సమాధా?" అని ఆగిపోయాడు. "పొద్దుగాల పొద్దుగాల సమాధెందుకన్నా?"

నిజానికి నాకూ వద్దనే ఉంది. కానీ బెంచీల మీద కూర్చున్న మమ్మల్ని సెక్యూరిటీవాడు రెండుసార్లు చూసి వెళ్ళాడు. పని బూట్లతో మాల్‌లో కూర్చుంటే వాళ్ళు అలా చూస్తారు. మూడోసారి వస్తుంటే నాకు మండి, లేచి నేరుగా టికెట్ కౌంటర్‌కు పోయాను. టికెట్ ధర చెప్పను, చెప్తే మీకు కూడా కోపం వస్తుంది.

లోపల చీకటిగా, చల్లగా ఉంది. మొదట్లోనే ఒక బోర్డు: ఇక్కడున్నవన్నీ నకళ్ళు, అసలువి ఈజిప్టులో ఉన్నాయి. గంగారాంకు చదివి చెప్పాను.

"గంతా ఉత్తదేనా? మరి పైసలు?"

"పైసలు మాత్రం అసలువే," అన్నాను.

అయినా అబద్ధం ఎందుకు, నేనూ నోరు తెరిచి చూశాను. మొదటి గదిలో కథంతా ఫొటోలతో పెట్టారు. ఒక ఇంగ్లీషు దొర ఆ కొండలోయలో ఏళ్ళ తరబడి తవ్విస్తున్నాడు, ఏమీ దొరకడం లేదు. డబ్బు పెట్టేవాడు ఇక చాలన్నాడు. చివరిసారి అనుకుని తవ్విస్తుంటే రాతిలో చెక్కిన మెట్టు ఒకటి తగిలింది. మెట్ల కింద ముద్రలు కొట్టి మూసిన గుమ్మం, సొరంగం, మళ్ళీ ఇంకో గుమ్మం. దానికి చిన్న కన్నం చేసి కొవ్వొత్తి లోపలికి పెట్టి చూశాడట. కళ్ళు చీకటికి అలవాటు పడేకొద్దీ ఎటు చూసినా బంగారం మెరిసిందట.

తర్వాతి గదిలో ఆ సామానంతా కుప్పలుగా పేర్చినట్టే పేర్చి పెట్టారు. జంతువుల ఆకారంలో మంచాలు, విప్పదీసిన రథాలు, చేతికర్రలు, చెప్పులు, మడతపెట్టిన లంగోటీలు, ద్రాక్షసారా కూజాలు, తిండికి వండిన బాతులు దాచిన పెట్టెలు, చిన్నప్పుడు కూర్చున్న కుర్చీ. పంతొమ్మిదేళ్ళకే పోయాడట ఆ రాజు. పోయినవాడికి అక్కడ ఏం అవసరమవుతుందోనని ఆలోచించి ఆలోచించి పెట్టారు. గంగారాం ఒక్కొక్కదాని ముందూ నిలబడి చూస్తున్నాడు.

"మంచిగ సదిరిండ్రన్నా," అన్నాడు. "ఏది మర్శిపోలే."

అరచేతిలో పట్టేంత బొమ్మలు వరసలు వరసలుగా ఉన్నచోట నేను బోర్డు చదివాను. పైలోకంలో రాజుగారికి పొలం పని పడితే ఆయన బదులు లేచి వెళ్ళి చేయడానికి పెట్టిన పనివాళ్ళట వీళ్ళు. నాలుగు వందలకు పైనే ఉన్నారు. వాళ్ళ మీద అజమాయిషీకి కొరడాలు పట్టుకున్న బొమ్మలు వేరే.

"ఫోర్‌మెన్‌లు గూడ ఉన్నరా!" అని గంగారాం నవ్వాడు. నెల రోజుల్లో అతను నవ్వడం నేను చూసింది అదే.

నాకు నవ్వు రాలేదు. చచ్చాక కూడా డ్యూటీ రాసిపెట్టినవాళ్ళను చూసి నేనెలా నవ్వను? లచ్చన్న ఎండలో షట్టరింగ్ పని చేసి రూమ్‌కి వచ్చి, బూట్లు విప్పుకోకుండానే పడిపోయాడు. కంపెనీ అడిగిన మొదటి ప్రశ్న, డ్యూటీ టైంలో పడిపోయాడా, తర్వాతా అని.

మూడో గదిలో ఒక గోడంత ఫొటో దగ్గర గంగారాం ఆగిపోయాడు. బంగారు రేకు తొడిగిన పెద్ద గూడు, దానికి రెండు తలుపులు, తలుపుల గొళ్ళేలకు చుట్టిన తాడు, తాడుకు బిగించిన ముడి, ముడికి మట్టిముద్ర. రాజు శవపేటిక చుట్టూ ఒకదాని లోపల ఒకటిగా ఉన్న నాలుగు గూళ్ళలో ఒకదానిదట ఆ తలుపు. పూర్వం ఒకటి రెండుసార్లు దొంగలు ముందుగదుల దాకా వచ్చి దొరికినంత పట్టుకుపోయారు కానీ, ఈ ముడి దాకా రాలేదు. మూడు వేల ఏళ్ళకు పైగా ఎవరూ ముట్టలేదు.

"తాడు గంత గట్టిగుందా?"

"తాడు గట్టితనం కాదు, ఎవరూ చెయ్యి పెట్టలేదు."

"మరి గా దొర ఏం జేసిండు? ఇప్పిండా?"

బోర్డు మళ్ళీ చదివాను. ఆ ముడి ఏమైందో అందులో లేదు. తలుపులు తెరిచారు, లోపల ఇంకో గూడు కనిపించింది, అంతే ఉంది. అక్కడ నిలబడ్డ గైడ్ పిల్లను అడిగాను. ఫిలిప్పీన్స్ అమ్మాయి, చక్కగా నవ్వుతోంది. కోసి ఉంటారు సార్, అంది.

"కోసిండంట," అని చెప్పాను గంగారాంకు.

గంగారాం ఆ ఫొటోకు ఇంకాస్త దగ్గరగా జరిగాడు. "కట్టినోడు ఏమనుకుంటడు," అన్నాడు.

చివరి గదిలో అసలు సంగతి. బంగారు శవపేటికలు మూడు, లోపలిది మొత్తం బంగారమే. దాని లోపల శవం, శవం ముఖానికి, మాల్ గుమ్మంలో పెద్ద బొమ్మగా చూసిన ఆ బంగారు తొడుగు. దాని నకలు గాజుపెట్టెలో వెలుగుతుంటే చుట్టూ జనం ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. పక్కన చిన్న బోర్డు, దాని దగ్గర ఎవరూ లేరు. నేను చదివాను. శవానికి పూసిన లేపనం గట్టిపడి శవం పేటికకు, తొడుగుకు అతుక్కుపోయిందట. అందుకని శవాన్ని ముక్కలుగా విడదీశారట. తలను మెడ దగ్గర వేరు చేసి, కత్తులు కాల్చి, తొడుగును ఊడదీశారట.

రెండోసారి చదివాను. అక్కడే నాకు తిక్కరేగింది. ఎవడి సమాధి, ఎవడి తల? చచ్చినవాడు లేచి అడగలేడనే కదా! దొంగలు వచ్చింది సొమ్ము కోసం, వాళ్ళకు సిగ్గుంది కాబట్టి చీకట్లో వచ్చారు. వీళ్ళు పగలు వచ్చి, ఒక్కొక్క వస్తువు పక్కన నంబరు చీటీ పెట్టి ఫొటో తీసి, మనిషిని కోసి, పరిశోధన అన్నారు. "ఇది తప్పు కాదా?" అని గట్టిగానే అన్నాను. ఆ గైడ్ పిల్ల నవ్వు ఆపి ఒక అడుగు వెనక్కి వేసింది. పాపం, ఆమె తప్పేముంది, ఆమెదీ డ్యూటీనే.

బయటికి వచ్చే దారిలో రాజు ముఖం అచ్చేసిన కప్పులు, తాళంచెవుల గొలుసులు అమ్ముతున్నారు. నేను ఏమీ కొనలేదు. మీరు వెళ్తే మీ ఇష్టం. చూడదగినవి లేవని చెప్పను, అంత సొమ్మూ అంత పనితనమూ నకలులో కూడా కళ్ళు తిప్పుకోనివ్వవు. ఆ చిన్న బోర్డు మాత్రం చదవకుండా రావద్దు.

కింద ఫుడ్‌కోర్టులో వాసనలకు నా కడుపు కాలిపోతోంది. గంగారాం తిననన్నాడు.

"శవాన్ని జూసొచ్చినం. తానం జేయకుండ ఎట్ల తింటం?"

"అది శవం కాదు, ప్లాస్టిక్ బొమ్మ!"

"బొమ్మనే. గని నేను బావ దగ్గరికి పోలే, కాష్టం సూడలే, తానం జేయలే. ఇయ్యాల చేస్తనన్నా."

అతన్ని పోనివ్వని కంపెనీని నోటికొచ్చింది తిట్టుకుంటూ, ఆకలితోనే బయటికి నడిచాను.

ఒంటిగంట దాటాక ఖాజా భాయ్ పికప్ వచ్చింది. జుమ్మాకు వేసుకున్న తెల్లటి బట్టల్లోనే ఉన్నాడు. స్నానం సంగతి చెప్తే నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

"మంచి మాటే కదన్నా. మాలో గూడా మయ్యత్‌కు, అదే శవానికి, నీళ్ళు పోసినోళ్ళు మళ్ళా స్నానం జేస్తారు. పదండి నా రూమ్‌కి. నీళ్ళుండాయి, బిర్యానీ గూడా ఉండాది."

విల్లా వెనక ఉన్న అతని రూమ్‌లో గంగారాం తలమీదుగా నీళ్ళు పోసుకున్నాడు. ఎంతసేపటికీ నీళ్ళ చప్పుడు ఆగలేదు. ఖాజా భాయ్ మధ్యలో ఒకసారి తలుపు దాకా పోయి, తట్టకుండానే తిరిగొచ్చాడు. తర్వాత గంగారాం ఎర్రటి కళ్ళతో వచ్చి కూర్చుని కడుపునిండా తిన్నాడు. నేనూ స్నానం చేశాను. ఎందుకు చేశానని అడగకండి.

నాలుగింటికి ప్రసాద్ గారు స్టోర్ తెరిచాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, మర్యాదగా కూర్చోమన్నాడు. బల్ల మీద తెల్లటి కొత్త కార్టన్. చుట్టూ నిగనిగలాడే టేపు, పైన ప్రింటు తీసిన లేబుల్.

"చూడండి, ఎలా ఉందో! పాతది మురికి పట్టేసిందండీ, బొద్దింకలు చేరతాయని నేనే కొత్తది తెప్పించాను. ఒక్క సబ్బుబిళ్ళ కూడా పోలేదు. కావాలంటే ఇదిగో."

తన ఫోన్ మా ముందు పెట్టాడు. స్టోర్ నేల మీద తెల్ల దుప్పటి పరిచి, లచ్చన్న సామానంతా వరసగా పేర్చి, ఒక్కొక్కదాని పక్కన నంబరు వేసిన చీటీ పెట్టి ఫొటోలు తీశారు. దుప్పటి నంబరు ఒకటి. టార్చి రెండు. పిల్లాడి రిమోట్ కారు మూడు. అలా పోతూ పోతూ, రాజవ్వ కోసం కొన్న రైకలు, లంగాలు, లోపలి బట్టలు. వాటిని కూడా విడివిడిగా విప్పి పరిచి, నంబర్లు పెట్టారు.

"ఇవి ఎవరెవరు చూశారు?" అన్నాను.

"క్యాంప్ గ్రూపులో పెట్టానండీ. రేపు ఎవరూ ఏదీ పోయిందనకూడదు కదా. హెడ్డాఫీసు వాళ్ళు చాలా మెచ్చుకున్నారు."

నేను లేచి నిలబడ్డాను. "మీ ఆవిడ బట్టలు ఇట్లా నేల మీద పరిచి, నంబర్లు వేసి, వంద మంది మగాళ్ళకు పంపిస్తే మీరూ మెచ్చుకుంటారా ప్రసాద్ గారూ?"

ఆయన ముఖం ఎర్రబడింది. "మాటలు జాగ్రత్తండీ. దొంగతనం చేశానా? వేరే క్యాంపుల్లో అయితే చచ్చినోడి సామాను ఈపాటికి పంచుకు తినేసేవారు. మంచికి పోతే ఇదా?"

అదీ నిజమే, అందుకే నాకు ఇంకా మండింది. అంతా భద్రంగా ఉంది. ఒక్కటీ పోలేదు. ఆ మనిషి కళ్ళలో కూడా మోసం లేదు. తను చేసిందేమిటో ఆయనకు అర్థం కాకపోవడం చూస్తే గోడకేసి తల బాదుకోవాలనిపించింది. అరిచాను, చాలా అరిచాను. అవన్నీ ఇక్కడ రాయను.

గంగారాం మాత్రం ఫోన్ వైపు చూడలేదు. కొత్త కార్టన్‌నూ ముట్టుకోలేదు.

"తాడేది?" అన్నాడు.

"ఏ తాడండీ?"

"పాత డబ్బకు మా బావ కట్టిన తాడు."

"ఓ, అదా! అదేం ముడో గానీ కుర్రాళ్ళు ఎంత తంటాలు పడ్డా రాలేదండీ. కట్టర్ పెట్టి కోయించేశాను."

గంగారాం బల్లను పట్టుకున్నాడు. "మా అక్క ఇప్పుకుంటనన్నది," అన్నాడు, ఎవరితోనూ కాదు, ఊరికే. తర్వాత ప్రసాద్ గారి ముఖంలోకి చూసి అన్నాడు: "సార్, ఫొటోలు తీసేయి. నీ ఫోన్ల తీసేయి, గ్రూపుల తీసేయి. నా ముంగట తీయి."

"హెడ్డాఫీసు వాళ్ళు అడిగితే?"

"సామాను ముట్టిందని నేను రాసిస్త. ఫొటోలు తీయి."

ఖాజా భాయ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "తీసేయండి సార్," అన్నాడు మెల్లగా. "మీ ఇంట్లో ఆడోళ్ళు గూడా ఉండారు కదా." ప్రసాద్ గారు ఫోన్ తీసుకుని, ఒక్కొక్కటే తీసేశాడు. గంగారాం చివరిది పోయేదాకా చూశాడు. చూసినవాళ్ళ కళ్ళలోంచి ఎలా తీస్తాం, అదే నా బాధ.

"పాత అట్ట ఎక్కడుంది?" అని అడిగాను. స్టోర్ వెనక పాత అట్టలు అమ్మడానికి కట్టలుగా వేస్తారట. ముగ్గురం వెనక్కి పోయాం. మనిషి ఎత్తు కుప్ప. తెల్లటి జుమ్మా బట్టలతోనే ఖాజా భాయ్ దాని మీదికి ఎక్కాడు, మేం వద్దంటున్నా వినలేదు. అట్టలు ఒక్కొక్కటీ కిందికి వేస్తుంటే మేం తిప్పి చూశాం. చాలాసేపటికి లచ్చన్న రాత కనిపించింది. అక్షరాలు పెద్దవీ చిన్నవీ, ఊరి పేరులో దీర్ఘం పెట్టలేదు. డబ్బాను మడిచి నలిపారు గానీ చిరగలేదు. దాని మడతలో తాడు ఇరుక్కుని ఉంది.

తాడును నాలుగు చోట్ల కోశారు. డబ్బా మీద నాలుగు వైపుల నుంచి వచ్చి కలిసే చోటు అలాగే మిగిలింది. పిడికెడంత ముడి, నాలుగు పక్కలా తెగిన కొసలతో, ఎండ్రకాయలాగా. గంగారాం దాన్ని అరచేతిలో పెట్టుకుని దుమ్ము ఊదాడు.

కొత్త కార్టన్ అక్కడే విప్పి, సామానంతా లచ్చన్న డబ్బాలోకి మార్చాం. బట్టలు పెట్టేటప్పుడు నేనూ ఖాజా భాయ్ అటు తిరిగి నిలబడ్డాం. దారిలో దుకాణంలో కొత్త తాడు కొన్నాం.

"నువ్వే అట్లా కట్టెయ్ గంగారాం," అన్నాడు ఖాజా భాయ్. "మీ అక్కకు ఏం తెలుస్తాది? పాపం, మనసుకు నెమ్మదిగా ఉంటాది."

నాకూ అది మంచి ఆలోచనే అనిపించింది.

గంగారాం తల అడ్డంగా ఊపాడు. "ఎరుకైతది. నా ముడి అక్క చిటికెల ఇప్పుతది. బావ ముడికైతే గంట తండ్లాడుతది. ఇప్పుతుంటెనే ఎరుకైతది." మామూలు ముడి వేసి ఊరుకున్నాడు.

డబ్బాను ఆదివారం దాకా తన రూమ్‌లో పెట్టుకొమ్మన్నాడు ఖాజా భాయ్, ఎయిర్‌పోర్టు పక్కనే కదా అని. గంగారాం ఒప్పుకోలేదు, ఇక కంటి ముందు నుంచి పోనివ్వడట. అందుకని ఖాజా భాయే మమ్మల్ని ఖబూరా దాకా దింపడానికి బయలుదేరాడు. పెట్రోలు మాట ఎత్తితే తిట్టాడు. ఐదున్నరకు హైవే ఎక్కాం. నేను ముందు సీట్లో, గంగారాం వెనక తొట్టిలో డబ్బా పక్కన. ఎడమ పక్క కొండల మీద ఎండ ఇంకా ఉంది. ఖర్జూరం తోటలు, మసీదులు, చేపల బండ్లు దాటుకుంటూ పోయాం.

బర్కా దాటాక టీకొట్టు దగ్గర ఆపాం. గంగారాం అక్కకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. పెట్టి, ఫోన్ నా ముందుకు తోశాడు. "హలో, హలో, తమ్మీ" అని ఆమె పిలుస్తూనే ఉంది. నేను ఫోన్ తీసుకున్నాను.

"రాజవ్వా, నేను సదానందాన్ని. డబ్బా దొరికింది, సామానంతా ఉన్నది. గని డబ్బా ఇప్పిండ్రు. తాడు కోసిండ్రు. అన్నీ బయట పెట్టి ఫొటోలు తీసిండ్రు. నీ బట్టలు గూడ. ఆ ఫొటోలు మీ తమ్ముడు తీసేయించిండు. మేం పోయేసరికే అయిపోయింది."

ఖాజా భాయ్ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఎవడాడు?" అంది రాజవ్వ. "ఆనికి అక్కచెల్లెండ్లు లేరా? పెండ్లాం లేదా? నా మొగడు నాకు తెచ్చినయి ఆడెందుకు సూడాలె?" తిట్టింది. నేను పొద్దుట్నుంచి తిట్టిన తిట్లన్నీ ఒక ఎత్తు, ఆమె తిట్టినవి ఒక ఎత్తు. గంగారాం తల వంచుకుని విన్నాడు. నాకు మాత్రం వింటుంటే ప్రాణం కాస్త కుదుటపడింది.

తిట్టి తిట్టి ఆగి, ఊపిరి తీసుకుని అడిగింది. "తాడు కోసిండ్రా? ముడి ఇప్పిండ్రా?"

"ముడి రాలేదట. తాడు కోసిండ్రు."

"అయితె ముడి ఉన్నదా?"

"ఉన్నదక్కా," అన్నాడు గంగారాం. "నా జేబుల ఉన్నది."

అటు నుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

"ఆళ్ళకు రాలే," అంది. "ఆళ్ళకెట్లొస్తది? తే. నేను ఇప్పుత."

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాం. పెట్టలేదు.

"తమ్మీ, ఎయిర్‌పోర్టుల ఎవడన్న డబ్బ ఇప్పుమంటే ఇప్పకు. ఇంటికాడ మా అక్క ఇప్పుతదని చెప్పు."

"చెప్తనక్కా," అన్నాడు గంగారాం.

పికప్ మళ్ళీ కదిలింది. ఒక్క రోజులో రెండు సమాధులు తెరిచి చూసి వస్తున్నట్టుంది నాకు. రెంటిలోనూ తెరిచినవాళ్ళు ఒక్క వస్తువూ పోనివ్వలేదు, అన్నీ లెక్కగా, శుభ్రంగా ఉన్నాయి. అయినా ఇద్దరి ఇళ్ళూ దోచినట్టే ఉంది. ఎయిర్‌పోర్టు వాళ్ళు రాజవ్వ మాట వింటారా అని ఖాజా భాయ్ మెల్లగా అడిగాడు. వినరని మా ఇద్దరికీ తెలుసు. వెనక అద్దం సందులోంచి వినిపిస్తోంది, గంగారాం గాలిలో కూర్చుని మా అక్క ఇప్పుతదన్న మాటనే తనలో తాను చెప్పుకుంటున్నాడు, హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి.